అయిదో మానిక

పొద్దున పత్రికలో వ్యాపార పుట చదివే అలవాటు నాకింకా పోలేదు. మదుపు చేసేంత సొమ్ము నా దగ్గర ఎప్పుడూ లేదు కాబట్టి ఆ పుటను చాలా నిష్పక్షపాతంగా చదవగలను. కేంద్ర బ్యాంకు వడ్డీ రేట్లు మార్చిందని ఇవాళ వేశారు. తన దగ్గర అప్పు తీసుకునే బ్యాంకుల నుంచి వసూలు చేసే రేటు ఒకటి, తన దగ్గర సొమ్ము దాచుకునే బ్యాంకులకు ఇచ్చే రేటు ఒకటి. రెండూ పావు శాతం పైకి జరిగాయట. మొదటిది ఎప్పుడూ పైన ఉంటుంది, రెండోది కింద. బ్యాంకులు ఒకదానికొకటి ఇచ్చుకునే అప్పు ధర ఈ రెండింటి మధ్యనే, రెండు గట్ల నడుమ వాగులాగా పోతుంటుంది. పై గట్టు కన్నా ఎక్కువిచ్చి పక్కవాడి దగ్గర తెచ్చుకోవలసిన అవసరం ఎవరికీ ఉండదు. కింది గట్టు కన్నా తక్కువకు పక్కవాడికి ఇచ్చే ఖర్మా ఎవరికీ ఉండదు. గట్లు జరిపితే వాగు జరుగుతుంది. ద్రవ్య విధానం అనే గంభీరమైన పేరుతో ఉద్యోగమంతా నేను పాఠం చెప్పింది ఇంతే. మిగతాదంతా పరీక్షల కోసం.

ఆ గట్లు తలకిందులైతే ఏమవుతుందని ఒక్క విద్యార్థీ అడగలేదు. అడిగితే నా దగ్గర జవాబుండేది. దేవరుప్పులకు ఆమడ దూరంలో ఒక దొర గడిలో, జొన్నల గుమ్మి పక్కన కూచుని కళ్ళారా చూశాను.

మాది మానుకోట వైపు. హైదరాబాదులో అర్థశాస్త్రం చదివి బి.ఏ. పట్టా పట్టుకుని వచ్చేసరికి పల్లెల్లో జనం దొరల మీద తిరగబడి ఉన్నారు. నేనూ పోయాను. ధైర్యం ఉండి కాదు. నా ఈడువాళ్ళంతా పోయాక ఊళ్ళో మాట్లాడడానికి మనిషి లేక. నాకు చూపు తక్కువ, కళ్ళద్దాలు ఎక్కువ. దళంలో తుపాకి చేతికిచ్చి, చెట్టుకు వేలాడదీసిన కుండను కొట్టమన్నారు. పేల్చాక చూస్తే కుండ క్షేమంగా ఉంది. మా నాయకుడు నేల మీద బోర్లా పడుకుని ఉన్నాడు. ఆయనకేమీ కాలేదు, ముందుజాగ్రత్తగా పడుకున్నాడు. మర్నాడే నన్ను ఒక ఊరి సంఘానికి సాయంగా పంపించేశారు. మళ్ళీ తుపాకి ముట్టకపోవడం ఆ పోరాటానికి నేను చేసిన సేవల్లో పెద్దది.

ఆ ఊరి దొర అప్పటికే పట్నం పారిపోయాడు. ఆయన భూముల్ని సంఘం పంచింది. గడిలో మిగిలినవి రెండు గుర్రపు జీనులు, ఎవరూ కూచోవడానికి సాహసించని ఒక పడక కుర్చీ, ధాన్యపు కొట్టులో ఒక గుమ్మి. వెదురుతో అల్లి పేడతో అలికిన గుమ్మి అది, మనిషి చెయ్యెత్తినా అంచు అందదు. నిండా పచ్చజొన్నలు.

దొర పెత్తనానికి కొరడా కన్నా ఆ గుమ్మే ఎక్కువ పని చేసింది. తొలకరికి విత్తనానికి కుంచం జొన్నలు తెచ్చుకుంటే, పంట కల్లంలోకి వచ్చాక కుంచంన్నర కొలవాలి. కుంచానికి నాలుగు మానికలు. నాలుగు తీసుకున్నవాడు ఆరు ఇవ్వాలన్నమాట. ఇవ్వలేకపోతే ఆ ఆరింటి మీద మళ్ళీ సగం. దీన్ని నాగు అనేవారు. సంఘం వచ్చీరాగానే నాగు రద్దు చేసింది. డప్పు కొట్టి మరీ చెప్పారు.

రద్దు చేశాక తెలిసిందేమంటే, నాగుతోపాటు అప్పు కూడా రద్దయిపోయింది. మిత్తి, అదే వడ్డీ, రాదంటే తన జొన్నలు పక్కింటికి ఎవరిస్తారు? ఉన్నవాళ్ళు ఉన్నవి దాచుకున్నారు. లేనివాళ్ళకు భూమి వచ్చింది, విత్తనం లేదు. ఇళ్ళలో తిండికి దాచిన పాతర జొన్నలున్నాయి గానీ, నేల కింద గుంతలో వేడెక్కిన ఆ గింజ సంకటికి పనికొస్తుంది, మొలకెత్తదు. విత్తనానికి గుమ్మి గింజే కావాలి.

అందుకని సంఘం కూచుని ఒక ఏర్పాటు చేసింది. గడి గుమ్మి ఊరందరిదీ. విత్తనానికి ఎవరు తీసుకున్నా, తీసుకున్నంతే తిరిగి కొలవాలి, మిత్తి లేదు. ఇంట్లో మంచి గింజ ఉన్నవాళ్ళు తెచ్చి గడిలో అమానతు పెడితే మాత్రం, కల్లం నాటికి కుంచానికి అర మానిక కలిపి ఇస్తారు. తీసుకునే పేదవాడికీ న్యాయం, పెట్టే రైతుకూ న్యాయం. సంఘం పెద్ద మంచివాడు. గొర్రెల మందతో పెరిగిన మనిషి. ఇద్దరికీ న్యాయం జరుగుతుంటే ఆయన ముఖం వెలిగిపోయింది.

నేను లేచి, అప్పటికి నాకు చేతనైనంత తేటగా చెప్పాను.

"అన్నా, తీసుకునేటోనికి మిత్తి లేదంటున్నరు. పెట్టేటోనికి అర మానికంటున్నరు. గట్లయితే మన దగ్గరనే తీసుకొని మన దగ్గరనే పెడతరు."

అందరూ పగలబడి నవ్వారు. తాళ్ళెక్కే పెద్దాయన, ఊరంతా కల్లు తాత అని పిలిచే ఆయన, కళ్ళు తుడుచుకుంటూ నా వీపు తట్టాడు. "మస్కిరి జేస్తే నువ్వే జెయ్యాలె కొడుకా," అన్నాడు.

తప్పు వాళ్ళది కాదు. ఆ ఊరొచ్చిన నాటి నుంచి నేను ఒక్క మాట తిన్నగా అనలేదు. కొత్త ఊళ్ళో ఎవరూ లేనివాడికి నవ్వించడం ఒక బతుకుతెరువు. నేను నోరు తెరిస్తే నవ్వడానికి సిద్ధంగా ఉండేవారు. నవ్వినవాళ్ళంతా నవ్వడం అయ్యాక ఇళ్ళకు పోయేవారు. నేను గుమ్మి దగ్గరికి పోయేవాణ్ణి. లెక్క తెలిసినవాణ్ణని గుమ్మికి నన్నే కాపుంచారు. జీతం కింద ఆ గుమ్మిలోంచే నెలకు కొన్ని మానికలు.

నా బస ఊరి చివర ఒక అవ్వ ఇంట్లో. ఆమెకు ఎవరూ లేరు. ఎందుకు లేరని నేను అడగలేదు, నాకెవరున్నారని ఆమె అడగలేదు. ఆ విధంగా మాకు మొదటి రోజే కుదిరింది. తిండికని నా జీతంలో కొంత ఆమెకిచ్చేవాణ్ణి. ఆమె గటక వండేది, ఎదురుగా కూచుని నేను తినేది చూసేది. నా మాటలకు నవ్వని మనిషి ఆ ఊళ్ళో ఆమె ఒక్కతే. ఒకసారి గటక గట్టిగా ఉంటే, "అవ్వా, దీంతోని గోడ కట్టొచ్చు," అన్నాను. "ఏ గోడ?" అని అడిగింది. పెరటి గోడ కొంత కూలి ఉంది. రెండు రోజుల తరువాత దాన్ని నాతోనే కట్టించింది. మట్టితోనే.

భూముల పంపకంలో ఆమెకు రెండెకరాల చెలక వచ్చింది. పుట్టినప్పటి నుంచి ఆ చెలకలోనే వెట్టికి కలుపు తీసిందట. ఇప్పుడది తనది. పొద్దున లేచి ఏ పనీ లేకపోయినా పోయి గట్టు మీద నిలబడి వచ్చేది. సంఘం ఒక షరతు పెట్టింది. మిరుగు కార్తె పోయేలోగా విత్తని భూమి ఇంకొకరికి పోతుంది. భూమి పడావు పడకూడదని. అదీ న్యాయమే. ఆ ఊళ్ళో ఆ ఏడు న్యాయానికి కొదవ లేదు.

గుమ్మి తెరిచిన రోజు మొదట వచ్చింది కల్లు తాత. కుంచం జొన్నలు కొలిపించుకుని పంచె కొంగున మూట కట్టుకున్నాడు. గడప దాకా పోయాడు. నిలబడ్డాడు. తిరిగి వచ్చాడు.

"ఏం తాతా, ఏమన్న మరిచినవా?"

"ఇది అమానతు పెట్టుకో."

"ఏది?"

"గిదే."

"ఇప్పుడే తీసుకుంటివి గద!"

"తీసుకున్న. నాదైంది. నాది నేను అమానతు పెడుతున్న. తప్పా?"

తప్పు కాదు. సంఘం నిబంధనల్లో ఎక్కడా తప్పు కాదు. నేను మూటను గోడవారగా పెట్టాను. ఆయన చేతులు దులుపుకుని, "నువ్వే చెప్పినవు గదరా, మీటింగుల. ఇంటికి పోయినంక సమజైంది," అన్నాడు. నా పాఠాన్ని ఒకరు శ్రద్ధగా విన్నారని తెలిసిన మొదటి సందర్భం అది.

మరుసటి రోజు నుంచి ఊరు ఊరంతా వచ్చింది. విత్తనం అవసరం ఉన్నవాళ్ళు కొందరు తీసుకుని చేలకు పోయారు. అవసరం లేనివాళ్ళు మాత్రం తీసుకుని ఎక్కడికీ పోలేదు. గుమ్మిలోంచి తీసిన జొన్న మూడు బారల దూరం నడిచి గోడ దగ్గర మూటగా కూచునేది. ఎవరి మూట వారికి గుర్తుండాలని ఒకరు ఎర్రంచు చీరపేలికలో కట్టారు, ఒకరు గొంగడి ముక్కలో, ఒకరు అల్లుడి తలపాగాలో. గుమ్మి అడుగంటుతూ వచ్చింది. కొట్టు మాత్రం నిండుగానే ఉంది. అందరూ సంతోషంగా ఉన్నారు. ఒక్క గింజ పండకుండానే ఊరి సంపద కుంచానికి అర మానిక చొప్పున పెరిగిపోయింది. ఆ అర మానికలు ఎక్కణ్ణుంచి వస్తాయని అడిగితే, "గుమ్మి ఉన్నది గద," అనేవారు, ఖాళీ గుమ్మిని చూపిస్తూ.

అవ్వ అప్పటిదాకా రాలేదు. ఎడ్లు లేని మనిషి. సంఘం ఎడ్లు వంతుల వారీగా తిరుగుతున్నాయి. వంతు రాకముందే విత్తనం తెచ్చి ఎలుకలకు పెట్టడమెందుకని ఆగింది. వాన పడింది, ఎడ్ల వంతు వచ్చింది, చెలక దున్నారు. మిరుగు ఇంకా కొన్నాళ్ళుంది. అప్పుడు గంప పట్టుకుని గడికి వచ్చింది.

"కుంచం పొయ్యి," అంది.

గుమ్మి అడుగు ఊడ్చాను. ఊడ్చినదాంట్లో దుమ్ము ఎక్కువ, గింజ తక్కువ.

"అయిపోయినయి అవ్వా."

ఆమె గోడవారగా మెడ ఎత్తు దాకా పేర్చిన మూటలను చూసింది. మళ్ళీ నన్ను చూసింది.

"అవేంది?"

"అమానతులు."

గంప చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. అమానతు అన్నాక ఆ ఊళ్ళో ఇక మాట ఉండదు. ఒకరు నమ్మి దాచిపెట్టమన్నదాన్ని ముట్టుకోవడం కన్నా హీనమైన పని వాళ్ళకు తెలియదు. పెళ్ళికి పోతూ పక్కింట్లో పెట్టిన కడియాలు ఏళ్ళు గడిచినా ఆ గుడ్డలోనే ఉండేవి. పెట్టినామె వచ్చి విప్పాలి తప్ప, ముడి సడలినా ఇంకొకరు సర్దరు. ప్రపంచంలో బ్యాంకులన్నీ ఒకరు దాచిందాన్ని ఇంకొకరికి అప్పిచ్చి బతుకుతున్నాయి. అది తెలిస్తే మా ఊరివాళ్ళు వాటిని దొంగల ముఠా అనుకునేవారు.

నేను సంఘం పెద్ద దగ్గరికి పోయాను. ఆయన గడి అరుగు మీద చెప్పుకు కుట్టు వేసుకుంటున్నాడు.

"అన్నా, మూటలల్ల నుంచి ఒక్క కుంచం అవ్వకిద్దం. కల్లం మీద మళ్ల పోద్దం."

"అమానతు ముట్టుకుంటమా? దొరకూ మనకూ ఫరక్ ఏముంటదిక?"

"గట్లయితే రేటు మార్చున్రి. తీసుకున్నోడు కుంచానికి మానిక ఇయ్యాలె. పెట్టినోనికి అర మానిక. అవుసరం లేనోడు తీసుకోడు. ఇయ్యాల్నే మూటలు విప్పి వాపస్ గుమ్మిల పోస్తరు."

"అంటే మిత్తి తీసుకుందమంటవు."

"జరంత."

ఆయన సూది ఆపాడు. "సగం తింటే దొర, పావు తింటే సంఘమా? డప్పు కొట్టి నాగు తీసేసిన. గదే నోటితోని మిత్తి అడుగుమంటవా?"

సున్నాకూ సగానికీ మధ్య చాలా చోటుందని చెప్పాను. ఆయన నవ్వాడు. నేను మస్కిరి చేశాననుకున్నాడు.

ఇక మిగిలింది ఒక దారి. అమానతు పెట్టినవాడే తన మూట విప్పి ఇస్తే అడ్డు లేదు. ఇల్లిల్లూ తిరిగాను. ఎవరూ కసురుకోలేదు. అందరూ పీట వేశారు, అంబలి ఇచ్చారు. కడుపు నిండింది, గంప నిండలేదు. ఒకామె, "అర మానిక వదులుకుంటనా బిడ్డా? మిత్తి లేకుండ ఇచ్చుడైతే నా ఇంట్లనే ఇద్దును గద," అంది. ఆమె చెప్పినదాంట్లో లోపం లేదు. గడిలో పెడితే అర మానిక, అవ్వకిస్తే ఏమీ లేదు. కింది గట్టుకు దిగువన అప్పివ్వమని నేను అడుగుతున్నాను. పాఠ్యపుస్తకం ప్రకారం ఎవరూ ఇవ్వకూడదు. పాఠ్యపుస్తకం గురించి ఎన్నడూ వినని మనుషులు దాన్ని తుచ తప్పకుండా పాటిస్తున్నారు.

చివరి ఇల్లు కల్లు తాతది. మంచం మీద కూచుని మోకు పేనుకుంటున్నాడు. నా గొడవంతా విన్నాడు.

"ముసల్దాని భూమి పోతదని గింత పరేషాన్ అయితున్నవు. మరి నీయియ్యరాదు?"

"నాయేంది?"

"నీ జొన్నలు. కోటుల కట్టిపెడితివి గద మూలకు. ఊరోళ్లయి అడుక్కుంట తిరుగుతున్నవు. నీది తియ్యబుద్ధయితలేదా?"

నిజంగానే నాకు తట్టలేదు. జీతంలో అవ్వకిచ్చింది పోగా మిగిలిన జొన్నలను సంచీ లేక నా కాలేజీ కోటు చేతులు ముడివేసి, అందులో పోసి కొట్టు మూలన పెట్టుకున్నాను. నెలనెలా పోస్తుంటే అది నిండుతూ వచ్చింది. గోడకానుకుని, నాకంటే ఒడ్డూపొడుగుతో, నాకంటే హుందాగా కూచుని ఉండేది. బ్యాంకు నడిపేవాడికి తనకూ ఖాతా ఉందని గుర్తు లేకపోవడం మా శాస్త్రంలో కొత్త కాదు. మేమెప్పుడూ ఇతరుల సొమ్ము గురించే ఆలోచిస్తాం.

కోటును భుజాన వేసుకుని ఇంటికి తీసుకుపోయాను. అవ్వ ముందు ముడి విప్పి కుంచం కొలిచి గంపలో పోశాను.

"ఎవ్వరియి?"

"నాయే."

"ఏం లెక్కకిస్తున్నవు?"

"లెక్క లేదు. తీసుకో."

ఆమె గంపను నా వైపు జరిపింది. "నాగు కింద ఇయ్యి. కల్లం మీద కుంచంన్నర కొలుస్త."

"నాగు రద్దయింది అవ్వా."

"రద్దు చేసింది సంఘం. నేను జెయ్యలే."

"నాకు సగం మిత్తి ఏం చేసుకుందునే? ఊరికే తీసుకో."

"ఊరికెందుకు తీసుకుంట? ఊరికిచ్చినోనికి మళ్ల గీ ఇంటికేం పని? ఇచ్చి మరిచిపోయి నీ తొవ్వ నువ్వు పోతవు. వాపస్ తీసుకునేదుంటే వస్తవు."

నేను ఏదో హాస్యమాడబోయాను. గంప మా ఇద్దరి మధ్య ఉంది. వాన మళ్ళీ పట్టేలాగుంది. అంతకుముందు గానీ తరువాత గానీ నేను తిరిగి రావడాన్ని ఎవరూ అంత ధర కట్టి అడగలేదు.

"సగం ఎక్కువ," అన్నాను చివరికి.

"మరెంత?"

"అర మానిక."

"అరకు ఎవరొస్తరు గంత దూరం?" అంది.

ఒక మానిక దగ్గర తెగింది. నాలుగు తీసుకుని అయిదు ఇవ్వాలి. ఆ తరువాత ఎందరికో రేట్లు ఎలా నిర్ణయిస్తారో పాఠం చెప్పాను. స్వయంగా ఒక రేటు నిర్ణయించింది ఆ ఒక్కసారే. అందులోనూ నా వంతు సగమే. మిగతా సగం అవతలి పక్షం నిర్ణయించింది.

మర్నాడు గొర్రు కట్టారు. అవ్వ దాని వెనకాలే నడుస్తూ జడ్డిగం గరాటులో గింజలు వదిలింది. పిడికిట్లోంచి గింజ జారే తీరులో ఒక తొందరపాటు లేదు, ఒక తడబాటు లేదు. నేను గట్టు మీద కళ్ళద్దాలు తుడుచుకుంటూ నిలబడ్డాను. వాన జల్లు పడుతోంది, అందుకని. మిరుగు పోకముందే సంఘం పెద్ద వచ్చి చెలక చూశాడు. సాళ్ళ వెంట నడిచి, తలూపి, "భూమి నీదే అవ్వా," అన్నాడు. "తెలుసు," అంది అవ్వ.

తరువాత జరిగింది నేను అనుకోనిది. కుంచానికి మానిక చొప్పున అవ్వ తీసుకుందని ఊళ్ళో పొక్కింది. అమానతు పెట్టినవాళ్ళు ఆలోచనలో పడ్డారు. గడిలో ఉంటే అర మానిక, పక్కింటికిస్తే మానిక. సంఘం డప్పు కొట్టలేదు, వద్దనీ అనలేదు. పక్కింటివాళ్ళు పక్కింటివాళ్ళతో దడి మీది నుంచి మాట్లాడుకున్నారు. ఎర్రంచు పేలిక మూట పోయింది, గొంగడి ముక్క పోయింది. నా వీపు తడుతూ కల్లు తాత కూడా తన మూట పట్టుకుపోయాడు. గింజ చేలకు చేరింది. మిరుగు పోయేనాటికి ఊళ్ళో విత్తని చెలక దాదాపు లేదు. గడి కొట్టులో ఖాళీ గుమ్మి, నేను, మిగతా గింజ గటకకైపోయి ఖాళీ అయిన నా కోటు మిగిలాం. కాపలా కాయడానికి ఏమీ లేకపోయినా నేను రోజూ పోయి కూచునేవాణ్ణి. ఎవరూ రావద్దనలేదు. ఎవరూ రాలేదు కూడా.

జొన్న మోకాలెత్తు లేచింది. పొట్టకు రాకముందే సైన్యం లారీలు జనగామ దాటాయని కబురొచ్చింది. సంఘంతో సంబంధం ఉన్నవాళ్ళంతా చెల్లాచెదురయ్యారు. అవ్వ నాకు రొట్టెలు కట్టిచ్చింది. కోటు తొడుక్కుంటే చేతుల్లోంచి నాలుగు జొన్న గింజలు రాలాయి. ఆమె వంగి ఏరి చాటలో వేసింది.

"కల్లం నాటికి రా," అంది.

భూపాలపల్లి అడవుల్లో, మహదేవపూర్ దిక్కు గోదావరి ఒడ్డున, ఎన్నాళ్ళు తిరిగామో చెప్పడం కష్టం. అక్కడ రోజులకు ఆనవాళ్ళు లేవు. తోటివాళ్ళు ఖాళీ దొరికితే ఇంటి సంగతులు చెప్పుకునేవారు. తల్లి ఎదురుచూస్తుందని ఒకరు, పెళ్ళాం నెలతప్పిందని ఒకరు. నా వంతు వచ్చినప్పుడు, "నాకు అయిదు మానికల జొన్నలు రావాలె," అనేవాణ్ణి. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. ఈ లోకంలో నాకు రావలసింది ఉన్న చోటు అదొక్కటే. పడుకునే ముందు ఒకసారి తలుచుకునేవాణ్ణి, అంతే. తరువాత పట్టుబడ్డాను. జైల్లో గోడలు గట్టివి, గటకతో కట్టినట్టుండేవి. చెబుదామంటే ఏ గోడ అని అడిగే మనిషి లేదు.

విడుదలై జనగామ స్టేషనులో దిగి, నడిచి ఆ ఊరు చేరేసరికి పొద్దు వాలుతోంది. దొర తిరిగొచ్చి గడిలో ఉన్నాడు. పంచిన భూముల్లో కొన్ని లాక్కున్నాడు. పంట నిలబడి ఉన్న చేల జోలికి మాత్రం మొదట రాలేకపోయాడట. ఆ తరువాత అవ్వ చెలకలో ఒక ఎకరం పోయింది, ఒకటి మిగిలింది. చివరికి దొర తన నాగు ప్రకారమే సగం వసూలు చేసుకున్నాడు.

అవ్వ వాకిట్లో చాట చెరుగుతోంది. నన్ను చూసి లేవలేదు. ఆశ్చర్యపోలేదు. చెరిగే చాట చెరుగుతూనే, "ఎన్ని కల్లాలు పోయినయి?" అంది.

"పనుండె అవ్వా."

"ఊఁ."

లోపలికి పోయి మానిక తెచ్చింది. కుండలోంచి కొలవడం మొదలుపెట్టింది. పొంగారపోసి, ప్రతి మానికకూ అంకె పైకి చెబుతూ. నాలుగయ్యాయి. అయిదోది ముంచింది. నేను కోటు విప్పి పట్టుకుని ఉన్నాను. కోటు మూసేశాను.

"ఇదో?" అంది.

"ఉండనీ."

"ఎందుకుండాలె? నీది నీకే."

"నీ దగ్గరనే అమానతు పెట్టుకో."

ఆమె మానిక చేతిలో పట్టుకుని నన్ను చూసింది. నేను నోరు తెరిస్తే నవ్వని మనిషి. ఈసారీ నవ్వలేదు. పాత చీర పేలిక చింపి, ఆ మానికెడు జొన్నలు విడిగా కట్టి, దూలానికి వేలాడగట్టింది. తరువాత గటక పెట్టింది. ఎదురుగా కూచుని నేను తినేది చూసింది.

ఆమె ఉన్నన్నాళ్ళూ ఏడాదికొకసారి పోయేవాణ్ణి. పాత గింజ పురుగు పట్టకముందే తీసి వండుకుని, కొత్త పంటలోంచి మళ్ళీ మానికెడు అదే పేలికలో కట్టేది. "ఇప్పుడన్న తీస్కపోతవా?" అని అడిగేది. "ఈ ఏడు కాదు," అనేవాణ్ణి. వరంగల్లులో ఉద్యోగం వచ్చాక కూడా అంతే. మా కాలేజీలో నన్ను సరదా మనిషి అనేవారు. గంట మోగగానే నవ్వుతూ అందరూ ఇళ్ళకు పోయేవారు.

ఆమె పోయాక ఆ ఇల్లు ఎవరో దూరపు చుట్టాలకు వచ్చిందని విన్నాను. ఆ పేలిక మూట దూలానికి ఉందో, ఎవరైనా విప్పారో తెలియదు. ఒకసారి పోయి అడగవచ్చు. బస్సులు ఉన్నాయి, నాకు తీరిక ఉంది. కానీ అడగను. అమానతు అంటే ముడి విప్పని ఊరు అది. అడిగితే తెచ్చి చేతిలో పెట్టేస్తారు.